వేడి పాలలో మునిగిన గీత

“ఘర్షణ లేదనుకోండి” అని ఇరవై నాలుగేళ్లుగా చెబుతున్నాను. ఇప్పుడు ఆ మాట నోట్లోంచి వస్తుంటే నాకే విసుగు. లిఫ్టు తాడుకు బరువు లేదనుకోండి, గాలి అడ్డుకోదనుకోండి, ఉష్ణోగ్రత మారదనుకోండి. హుస్సేనీ ఆలం దగ్గర ఓ ప్రైవేటు బడిలో ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు భౌతికశాస్త్రం చెప్పడం నా ఉద్యోగం. ఇల్లు ఛత్రినాకలో. పొద్దున్నే షేర్ ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని, పేపర్ల సంచీ మోకాళ్ల మీద పెట్టుకుని పోయే మనిషిని ఘర్షణ లేని లోకం గురించి చెప్పమంటే ఒళ్లు మండదా మరి? రోజుకు ఆరు పీరియడ్లు, ఎవరైనా సెలవు పెడితే ఏడు. సాయంత్రానికి గొంతులోంచి మాట రాదు, గాలి వస్తుంది.

లెక్కలు ఏటా అవే. బంతి పైకి విసురుతాను, కిందికి వస్తుంది. తొట్టి నింపుతాను, అడుగున పీడనం ఎంతో కట్టమంటాను. పిస్టన్ నొక్కితే వాయువు ఘనపరిమాణం ఎంత తగ్గిందో అడుగుతాను. పిల్లలు ఏటా అవే తప్పులు చేస్తారు, సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చడం మరిచిపోతారు, నేను ఏటా అదే ఎర్ర పెన్నుతో సున్నా చుడతాను. ఒక దశ దాటాక చెప్పేది నేను వినడం కూడా మానేశాను. నోటి పని నోటిది, నా ధ్యాస ఇంట్లో అయిపోయిన గ్యాసు బండ మీద.

ఇలాంటి బతుకులోనే ఒక మనిషి పరువు నా నోటి మీద ఆధారపడ్డ రోజొకటి వచ్చింది. ఆ రోజు కూడా నేను వినలేదు.

మా సందు చివర ఒక బర్రెల కొట్టం ఉంది. మా పాలాయనది, వాళ్ల తండ్రి కాలం నుంచీ ఉన్నదే. ఎనిమిది బర్రెలు, ఆయన, ఆయన భార్య, ఒక కూతురు. ఆ అమ్మాయి మా బడిలోనే పది చదువుతుంది, మూడో బెంచీలో కిటికీ పక్కన కూర్చుంటుంది. పిలిస్తే లేచి జవాబు చెబుతుంది, పిలవకపోతే నోరు విప్పదు.

మా పేటలో పాలు కొనే తీరు వేరు. బర్రెను కళ్ల ముందు పిండాలి, గిన్నె పట్టుకుంటే చేతికి వెచ్చగా తగలాలి. వెచ్చదనం లేకపోతే అవి నిన్నటి పాలే, నీళ్లు కలిపి ఫ్రిజ్‌లో దాచిన పాలే. పక్క సందులో మిఠాయి దుకాణం నడిపే సేటుది ఈ విషయంలో మరీ చాదస్తం. కోవాకు రోజూ ముప్పై లీటర్లు తీసుకునేవాడు. క్యాను మూత తీయగానే వేలు ముంచి చూసేవాడు. కొట్టం నుంచి దుకాణానికి వచ్చే ఆ పది నిమిషాల్లో పాలు చల్లారకూడదని మా పాలాయన క్యానుకు గోనెపట్టా చుట్టి తెచ్చేవాడు.

ఆ చలికాలం, కల్తీ పాల గురించి టీవీలో ఏం చూశాడో ఏమో, సేటు ఒక లాక్టోమీటర్ కొనుక్కొచ్చాడు. గాజు గొట్టం, అడుగున బరువు, పైన సన్నటి కాడ మీద గీతలు. మంచి పాలలో వేస్తే ఎమ్ అని రాసి ఉన్న గీత దాకా మునిగి నిలబడుతుంది. నీళ్లు కలిసిన పాలలో ఆ గీత కూడా మునిగి ఇంకా కిందికి దిగిపోతుంది. పదో తరగతి పిల్లలకు రెండు మార్కుల ప్రశ్న ఇది.

నేను ఆటో ఎక్కడానికి బయల్దేరిన సమయానికి దుకాణం ముందు పదిమంది మూగి ఉన్నారు. సేటు నన్ను చూసి పిలిచాడు.

“మేడమ్, జర ఇటు రాండ్రి. మీరు ఇస్కూల్ల గిదే చెప్తరు గద. చూడుండ్రి, గీత మొత్తం మునిగింది.”

చూశాను. పెద్ద స్టీలు గ్లాసులో నురుగు పాలు, పైన ఆవిరి. ఎమ్ గీత కనబడటం లేదు.

పాలాయన చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. “నేను చుక్క నీళ్లు పోయలే టీచరమ్మా. ఇప్పుడే పిండి తెచ్చిన. గిట్ల ఎట్ల మునిగిందో నాకు సమజైతలేదు” అన్నాడు.

“ఇది గాజు ముక్క మేడమ్, దీనికి నాతోని దోస్తీ లేదు, ఆయనతోని దుష్మనీ లేదు. ఇది అబద్ధం చెప్తదా, మీరే చెప్పుండ్రి” అన్నాడు సేటు.

అక్కడ ఆటో భాయ్ హారన్ మోగిస్తూ “జల్దీ ఆవో మేడమ్” అంటున్నాడు. ముందురోజే ఆలస్యానికి హెడ్మాస్టర్‌తో నాలుగు మాటలు పడ్డాను. ఒళ్లు హూనమై ఉంది. ప్రశ్న విన్నాను, పాఠం గుర్తొచ్చింది, జవాబు దానంతటదే వచ్చింది.

“లాక్టోమీటర్ అబద్ధం చెప్పదు” అన్నాను.

“అమ్మా...” అని పాలాయన ఏదో అనబోయాడు. “గీత మునిగింది కదా అన్నా, నేనేం చెయ్యను” అని ఆటో ఎక్కేశాను. ఆ మాట అన్నందుకు దారిలో నాకేమీ అనిపించలేదు. నిజంగా ఏమీ అనిపించలేదు. తొమ్మిదో తరగతి వాళ్లకు ఆ రోజు ఏ లెక్క ఇవ్వాలా అని ఆలోచించుకుంటూ పోయాను.

సేటు ఆ రోజే పాలు బంద్ పెట్టాడు. సందులో వాళ్లు ఒక్కొక్కరే మానేశారు. “ఫిజిక్స్ మేడమే చెప్పింది” అని ఒకరికొకరు చెప్పుకున్నారట. ఆయన సైకిల్ మీద పోతుంటే దుకాణంలో పనివాళ్లు “పానీవాలా” అని నవ్వేవాళ్లు. మా ఇంట్లో కూడా మర్నాటి నుంచి పాకెట్ పాలే. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆయన ఎదురుపడితే నేనే మొహం తిప్పుకునేదాన్ని, తప్పు ఆయనదైనట్టు.

మూడు వారాలకు యూనిట్ టెస్టు. స్టాఫ్‌రూమ్‌లో నలభై పేపర్లు ముందేసుకుని దిద్దుతున్నాను. మూడో ప్రశ్న, లాక్టోమీటర్ పాలలో ఎక్కువ మునుగుతుందా, నీళ్లలోనా, ఎందుకు. పాలాయన కూతురి పేపరు వచ్చింది. పుస్తకంలో ఉన్న జవాబు ఉన్నదున్నట్టు రాసింది. దాని కింద ఒక గీత కొట్టి, ఇంకొంత రాసింది.

“అప్పుడే పిండిన పాలలో కూడా లాక్టోమీటర్ ఎక్కువ మునుగుతుంది. వేడికి పాలు వ్యాకోచిస్తాయి, సాంద్రత తగ్గుతుంది. నురుగులో గాలి కూడా ఉంటుంది. చల్లారిన తరువాత అదే పాలలో ఎమ్ గీత పైకి వస్తుంది. థర్మాస్‌లో పాలు తెచ్చి మన ల్యాబ్‌లో మూడు రోజులు చూసిన.”

జవాబుకు రెండు మార్కులు వేశాను. కింద రాసినదంతా ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసి “అడగనిది రాయవద్దు” అని రాశాను. రాసి పేజీ తిప్పాను.

అదే పేపర్లో ఏడో ప్రశ్న, ద్రవాన్ని వేడి చేస్తే దాని సాంద్రత ఏమవుతుంది, ఎందుకు. రెండు ప్రశ్నలూ నేను ఇచ్చినవే, నా చేత్తో రాసినవే. అప్పటిదాకా దిద్దిన పేపర్లన్నిటిలో ఏడోది ఒప్పే రాశారు. ద్రవ్యరాశి మారదు, ఘనపరిమాణం పెరుగుతుంది, కాబట్టి సాంద్రత తగ్గుతుంది. చక్కగా మార్కులు వేసుకుంటూ పోయి, ఇంకో రెండు పేపర్లు దిద్దాక నా చెయ్యి ఆగింది. కట్టలోంచి ఆ అమ్మాయి పేపరు వెనక్కి లాగి మళ్లీ చదివాను. మూడో ప్రశ్ననూ ఏడో ప్రశ్ననూ కలిపి చూడటం ఇరవై నాలుగేళ్లలో నాకు చేతకాలేదు. ఆ పిల్ల తండ్రి కోసం ఆ రెంటినీ కలిపి చూసింది.

ల్యాబ్ చూసుకునే అన్నను అడిగాను. “అవు మేడమ్, ప్రేయర్ కంటె ముందే వస్తుండె. గ్లాసుల పాలు పోసుకుని గంట సేపు గట్లనే కూసుంటుండె. సీసాలు పగలగొడ్తదేమో అని నేనే కావలున్న” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ల్యాబ్ లాక్టోమీటర్ రుమాలులో చుట్టుకుని కొట్టానికి పోయాను. పాలాయన నన్ను చూసి బర్రె దగ్గరికి నడిచాడు. నా కళ్ల ముందే పిండి ఒక లీటరు పోశాడు. ఇంటికి తెచ్చి పొడుగు గ్లాసులో పోసి లాక్టోమీటర్ వేశాను. ఎమ్ గీత మునిగింది. అలాగే గట్టు మీద వదిలేసి అన్నం వండాను, స్నానం చేశాను, డబ్బా కట్టుకున్నాను. వచ్చి చూస్తే నురుగు లేదు, గ్లాసు చల్లగా ఉంది, ఎమ్ గీత పాలపైకి తేలి ఉంది. ఎవరూ ఒక్క చుక్క పొయ్యలేదు, తియ్యలేదు. వంటింట్లో నిలబడి చాలాసేపు నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ తరువాతి రోజు సెలవు పెట్టి, మళ్లీ ఒక లీటరు వేడి పాలు కొని సేటు దుకాణానికి పోయాను. ఆయన లాక్టోమీటర్‌తోనే చూపించాను. ముందు మునిగింది. గ్లాసును చల్లటి నీళ్ల తపేలాలో పెట్టించాను. ఆయన గిరాకీ చూసుకున్నాడు, నేను స్టూలు మీద కూర్చున్నాను. నురుగంతా పోయాక చూడమన్నాను. వంగి చూశాడు, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

“అంటే రోజూ వేడి పాలు గావాలె అన్నది నేనే, వేడిగున్నయని మునిగితే నీళ్లు పోసినవన్నదీ నేనే” అన్నాడు మెల్లగా. తరువాత నా వైపు తిరిగాడు. “మరి ఆనాడు గట్ల ఎందుకన్నరు మేడమ్? మీ మాట మీదనే గద నేను బంద్ చేసిన.”

తల దించుకుని కూర్చున్నాను. రేపటి నుంచి పాలు తెమ్మని చెప్పమన్నాడు, అది చాలనుకుని లేచాను. ఆ కబురు పట్టుకుని కొట్టం వైపు నడుస్తుంటే కాస్త తేలిగ్గా కూడా అనిపించింది. చూడండి, మనిషి ఎంత తొందరగా తనను తాను మాఫీ చేసుకుంటుందో.

కొట్టంలో ఐదు బర్రెలే ఉన్నాయి. మిగతా మూడింటిని అమ్మేశారని ఆయన భార్య చెప్పింది. కూతురు కుడితి బాన దగ్గర ఉంది. నన్ను చూసి చేతులు కడుక్కుని వచ్చి నిలబడింది. తరగతిలో నిలబడినట్టే.

“నువ్వు రాసింది నూటికి నూరుపాళ్లు కరెక్టు. కొట్టేయడం నా తప్పు. పేపర్లో దిద్దాను, మార్కులు కూడా కలిపాను” అన్నాను.

“మార్కులకు రాయలే టీచర్” అంది. నేల వైపు చూస్తూ, “మీరు చదువుతరని రాసిన” అంది. అని మళ్లీ బాన దగ్గరికి పోయింది.

పాలాయనకు సేటు మాట చెప్పాను. లాక్టోమీటర్ ఎందుకు మునిగిందో, వేడికి పాలు ఎలా వ్యాకోచిస్తాయో, అదీ చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. కోపం లేదు ఆయన గొంతులో. ఉంటే నాకు బాగుండేది.

“అవన్నీ నాకు తెల్వయి టీచరమ్మా. నా బిడ్డ చెప్పింది గనీ నాకు సమజ్ కాలే. ఒక్కటడుగుత, చెప్పుండ్రి. పదకొండేండ్లు మీ ఇంట్ల చాయ్ నా పాలతోనే గద. ఎన్నడన్న నీళ్ల పాలనిపించినయా?”

“ఎన్నడూ లేదు అన్నా.”

“ఆనాడు గంతమంది ముందట గీ ఒక్క మాట అంటే అయిపోతుండె గదమ్మా” అని, పిండడానికి బర్రె పక్కన కూర్చున్నాడు.