ఆమె మాట, నా గొంతు

మా ఊరు బోగోలు మండలంలో, సముద్రం పక్కనే. నేను ఫైబర్ బోటు మీద వేటకు పోతాను. నా భార్య ఒడ్డున చేపల పాట పాడుతుంది. పాట అంటే వేలం. బోట్లు రాగానే చేపలు ఇసుక మీద కుప్పలు పోస్తాం. కావలి నుంచి వచ్చిన వ్యాపారులు చుట్టూ చేరతారు. ఆమె కుప్ప పక్కన నిలబడి ధర పెంచుకుంటూ పోతుంది. ఈ పని చేసే ఆడవాళ్లు మా ఒడ్డున ఇంకా ఉన్నారు గానీ, ఎదురుగాలిలో కూడా చివరి మనిషి దాకా వినపడే గొంతు ఆమెదే.

ఆ గొంతు దగ్గరే గడ్డ లేచింది. ఆమె పైట కొంగు మెడ చుట్టూ తిప్పుకోవడం మొదలుపెడితే ఎండకు కాబోలు అనుకున్నాను. అన్నం మింగడానికి తల ఒక పక్కకు వంచడం చూశాక అడిగాను. నెల్లూరులో స్కానింగు, సూది పరీక్ష అయ్యాయి. థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేయడమే మంచిదని డాక్టరమ్మ చెప్పింది. మాటకు పని చేసే సన్నటి నరాలు దాని వెనకే ఉంటాయని, వాటికి ఏమీ కాకుండా చూస్తామని, అయినా కొన్నాళ్లు గొంతు బొంగురుపోవచ్చని, ఎప్పుడో ఒకరికి అది అలాగే ఉండిపోతుందని కూడా చెప్పింది.

"నేను పాట పాడేదాన్ని డాక్టరమ్మా," అంది నా భార్య.

"కచేరీలు చేస్తారా?"

"చేపల పాట."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. నేను వివరించాను. మా ప్రయత్నం మేం చేస్తాం అంది.

ఇంటికి తిరిగి వచ్చాం. రెండు రోజులకు కాబోలు, పెరట్లో కవళ్ల చేపలకు పొలుసు తీస్తూ నా భార్యే అంది: "తీయించేద్దాంలే. మింగుడే పడకపోతే గొంతుండి ఏం చేసుకోను?" నేను సరేనన్నాను. అంతకు మించి మాట్లాడుకున్నట్టు గుర్తు లేదు.

ఆపరేషన్ రోజు పొద్దున నర్సు ఆమె గాజులు, మెట్టెలు, తాళి తీయించి ఒక గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది. ముక్కుపుడక మర బిగుసుకుపోయి రాలేదు. దాని మీద ప్లాస్టర్ అంటించి అలాగే లోపలికి తీసుకుపోయారు. ఆ మూట చొక్కా జేబులో పెట్టుకుని వరండాలో కూర్చున్నాను. సముద్రం మీద వల వేసి ఎదురు చూడటం నాకు అలవాటే. కానీ అక్కడ తాడు పట్టుకోవాలి, గాలి చూడాలి, చేతులకు పని ఉంటుంది. ఇక్కడ ఏమీ లేదు. ఆకలి వేసింది. కిందకి పోయి ఇడ్లీ తిని వచ్చాను.

మధ్యాహ్నం ఆమెను వార్డులోకి తెచ్చారు. మెడ మీద అడ్డంగా కట్టు, పక్కన సన్నటి గొట్టం. కళ్లు తెరిచి నన్ను చూసి నోరు కదిపింది. ఉత్త గాలి వచ్చింది, మాట రాలేదు. ఇంకోసారి ప్రయత్నించింది. అదే గాలి. తర్వాత కళ్లు మూసుకుంది. వాపు తగ్గితే వస్తుందిలే అని డాక్టరమ్మ సాయంత్రం చెప్పినప్పుడు నా భార్య కళ్లు మూసుకునే ఉన్నా నిద్రపోవడం లేదని నాకు తెలుసు.

గొట్టం తీసి ఇంటికి పంపిస్తే, కారు మాట్లాడి తీసుకొచ్చాను. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా ఆమె తల వెనక తువ్వాలు మడిచి పట్టుకున్నాను. ఆమె అక్క, మా వదిన, అప్పటికే వచ్చి ఇల్లు ఊడ్చి ఉంచింది. ఒడ్డున పాట తను చూసుకుంటానంది. ఇంట్లో పని నాది. బోటు మీదికి నా బదులు ఇంకో మనిషిని పంపాను.

మా ఇంట్లో ఏది ఎక్కడుంటుందో నాకు తెలియదని అప్పుడే తెలిసింది. ఆమె వేలితో అటక చూపిస్తుంది. నేను డబ్బా దించుతాను. అది కాదని చెయ్యి ఊపుతుంది. ఇంకోటి దించుతాను. ఓపిక నశించి లేవబోతుంది. మెడ లాగి మళ్లీ కూర్చుంటుంది. జావ కాచాను. మొదటిసారి అడుగంటింది. కట్టు తడవకుండా నీళ్లు పోశాను. జడ వేయడం రాక జుట్టును తాడు పేనినట్టు పేనితే, అద్దంలో చూసుకుని చప్పుడు లేకుండా నవ్వింది. నవ్వినందుకు కుట్లు నొప్పి పెట్టాయి.

ఇంటికొచ్చిన మర్నాడు సాయంత్రం ఆమె గ్లాసు జారవిడిచింది. చూస్తే వేళ్లు దగ్గరకు ముడుచుకుపోయి ఉన్నాయి. పెదాల చుట్టూ తిమ్మిరిగా ఉందని సైగ చేసింది. పక్షవాతం అనుకున్నాను. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, గ్రంథి తీసినవాళ్లలో కొందరికి ఒంట్లో కాల్షియం పడిపోతుందని, ఆలస్యం చేయకుండా దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకుపొమ్మని చెప్పారు. ఆటోలో కావలి పోయాం. దారంతా ఆ వేళ్లను ఒక్కొక్కటే తెరవాలని చూశాను. తెరుచుకోలేదు. అక్కడ చేతికి సూది పెట్టి మందు నిదానంగా ఎక్కించారు. కొంతసేపటికి వేళ్లు వాటంతటవే విచ్చుకున్నాయి. ఆమె నా చేతిని గట్టిగా నొక్కింది. బలం వచ్చిందో లేదో చూసుకుంటోందని తర్వాత అర్థమైంది. మాత్రలు పెంచి రాశారు. మళ్లీ అలా రాలేదు.

ఒడ్డున మాత్రం పాట సరిగా సాగలేదు. వదిన మెత్తని మనిషి. వ్యాపారులు ఒక ధర దగ్గర ఆగి మాట్లాడకుండా నిలబడితే ఆమె ఆ ధరకే పాట తెగ్గొట్టేసేది. కుట్లు విప్పిన కొన్నాళ్లకు, వంజరం చేపలు బాగా పడిన ఒక పొద్దున, నా భార్య మెడకు తువ్వాలు చుట్టుకుని ఒడ్డుకు బయల్దేరింది. ఆపితే ఆగలేదు. కుప్ప పక్కన నిలబడి నన్ను దగ్గరకు రమ్మంది. చెవిలో గుసగుసగా అంది: "నేను చెప్పింది చెప్పు. సొంతంగా ఏం కలపబాక."

ఆమె అన్న ధర నేను అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఏంది మామా, నువ్వెప్పుడు నేర్చినావు పాట?" అని ఒక వ్యాపారి నవ్వాడు. మిగతావాళ్లూ నవ్వారు.

ఆమె నవ్వలేదు. వాళ్ల మొహాల వంక చూస్తూ, ఎవడికి సరుకు కావాలో కనిపెడుతూ, నా చెవిలో ఇంకో ధర చెప్పింది. అరిచాను. మధ్యలో నేను తొందరపడి పాట తెగ్గొట్టేయబోతే మోచేత్తో పొడిచింది. ఆగాను. కొంచెంసేపయ్యాక వెనక నిలబడిన మనిషి ఆ ధరకు చెయ్యెత్తాడు. నవ్వడం ఆగిపోయింది. అలా చాలా రోజులు నడిపాం.

గొంతు తిరిగి వచ్చింది. ఒక్కసారిగా కాదు. మొదట కీచుగా, తర్వాత బొంగురుగా, పూట పూటకూ మారుతూ వచ్చి ఒక దగ్గర నిలబడింది. మునుపటిది కాదు, దానికన్నా లావుగా ఉంటుంది, అంత దూరం పోదు. ఇప్పుడు వ్యాపారులే నాలుగడుగులు దగ్గరికి జరిగి వింటారు. నేను మళ్లీ బోటు మీదికి వెళ్లిపోయాను.

మొన్న పరీక్షకని నెల్లూరు పోయి వస్తుంటే బస్సులో నా భార్య పక్కన కూర్చున్నావిడ ఆమె మెడ మీద గీత చూసి, "ఏంది అక్కా అది?" అని అడిగింది. నా భార్య మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది. నేను ముందు సీట్లో ఉన్నాను. కొడవలూరు దాటినా ఆ కథ తెగలేదు. ముక్కుపుడక, వేళ్లు, ఆటో అన్నీ చెప్పింది.

"భయపడినావా?" అడిగిందావిడ.

"ఆపరేషన్‌కు ఏం భయంలే. మా ఆయన నా బదులు పాట పాడతా ఉంటే భయమేసింది. పెళ్లయిన కాడ్నుంచి ఆయన గట్టిగా మాట్లాడంగా వినలేదు నేను. యాడ ఆపేస్తాడో, యాడ సిగ్గుపడి పోతాడో అని."

"మరి ఆపినాడా?"

"లేదు," అంది నా భార్య. "బాగానే అరిచినాడు."

నేను వెనక్కి తిరగలేదు. రోడ్డు పక్క మళ్లలో నాట్లు వేస్తున్నారు.