‘కొట్టొద్దు’ మాటను బంద్ చేసిన అక్క

బేతంచెర్ల యావన్మంది పౌరులకు తెలియజేయడమేమనగా: బస్టాండు వెనకాల నెట్ సెంటర్‌లో కీబోర్డుల మీద చెనిక్కాయ పొట్టు రాల్చరాదు. హెడ్‌ఫోన్ వైరు నమలరాదు. ఓడిపోయినోడు మౌస్‌ను టేబులుకేసి బాదరాదు. ఇవన్నీ పాత చట్టాలే. ఇప్పుడు నేను దండోరా వేయాల్సి రావడం ఎందుకంటే, వాటిని అమలు చేసే మనిషి లేదు. మా నెట్ సెంటర్ అక్క మొన్న మంగళవారం కర్నూలు ఆసుపత్రిలో పోయింది.

నేను తొమ్మిదో తరగతిలోనే బడి గోడ దూకినవాణ్ణి. నాపరాళ్లు లారీలకెత్తించే పని నాది. తలకు రంగేసుకునే వయసులో కంప్యూటర్‌లో విమానాలు తోలుతానంటే మా ఇంట్లోవాళ్లే నవ్వినారు. అక్క నవ్వలేదు. కుర్చీ చూపించి, “కూచోప్పా. నీ మార్కుల కాయితం ఇది అడగదులే” అనింది.

ఒకసారి ఆమె కుర్చీలో రబ్బరు తేలు పెట్టి, ఎప్పుడు కేక పెడుతుందా అని కాచుకున్నా. తోక పట్టుకొని ఎత్తి సొరుగులో వేసుకుంది. “చూసినాకనే కూచుంటానప్పా నేను,” అనింది అంతే.

రాతిగనిలో భర్త పోయినాక ఆ సెంటరే ఆమెకు కూడు. పగలంతా పిల్లోళ్ల హాల్‌టికెట్లు, రిజల్ట్స్. సాయంత్రమైతే యుద్ధం. ఏయే దేశాలోళ్లో ఇంటర్నెట్‌లో చేరి, రెండు జట్లుగా విడిపోయి, ఆకాశంలో కాల్చుకునే ఆట. అందులో ఒక మెలిక ఉంది. తూటాకు మన, పర లేదు. సొంత జట్టువాడికి తగిలినా కూలిపోతాడు.

నా జట్టులో నాకు తోడు శెట్టిగారి అంగడి అల్లుడు. ఇల్లరికం మనిషి. మామ ముందర నోరు లేవదు గానీ, ఆటలో కూచుంటే తూటా ఆగదు. శత్రువులందరూ కలిసి కూల్చినదానికంటే వాడొక్కడే నన్ను ఎక్కువ కూల్చినాడు. నేనూరుకుంటానా? ఆటలో మళ్లీ ప్రాణం రాంగానే వెతుక్కుంటా పోయి వాణ్ణి కూల్చేది. వాడు మళ్లా నన్ను. శత్రువులు పైన చక్కర్లు కొడతా తమాషా చూసేవాళ్లు.

ఒకనాడు ఆట నడిపేవాళ్ల నుంచి స్క్రీన్ మీద హెచ్చరిక పడింది. అక్క చదివి చెప్పింది. ఇంకొక్కసారి సొంతోణ్ణి కూలిస్తే వెలి.

“పోతే నేను పోతాలే అక్కా,” అన్నాడు అల్లుడు.

“నువ్వొక్కడివే యాడికి పోతావప్పా? ఈడుండే కంప్యూటర్లన్నీ బయటోళ్లకు ఒకటే అడ్రసుగా కనపడతాయి. నీ ఒక్కని పనికి అందరికీ తలుపేస్తారు. సాయంత్రం ఆట లేకుంటే నేను షట్టర్ దించుకోవాల్సిందే.”

తప్పెవరిదో నేను వివరించబోతే చెయ్యి అడ్డం పెట్టింది. “వాడు గురి పెట్టినప్పుడు నువ్వేమని అరిచినావు?”

“కొట్టొద్దు అని. రైల్వేస్టేషన్ దాకా ఇనపడేట్టు అరిచినా.”

“నీకేమినపడిందప్పా?” అని అల్లుణ్ణి అడిగింది.

అల్లుడు నెత్తి గోక్కున్నాడు. “చెవుల్లో ఇంజిన్ మోత గదక్కా. ‘కొట్టు’ అని ఇనపడె. కొట్టినా.”

అక్క కొంగు నోటికడ్డం పెట్టుకొని శానాసేపు నవ్వింది. కండ్లు తుడుచుకొని తీర్పు చెప్పింది. “మన తెలుగులో వద్దనేది మాట తోకలో ఉండాది. తోక వచ్చేలోపల తుపాకి పేలిపోతాది. ఇంక ఈ గదిలో ఆ మాట బంద్. సొంతోడు గురి పెడితే ‘అప్పా’ అని అరవండి. అప్పా అని పిలిచినోణ్ణి ఎవురన్నా కాలుస్తారా?”

“అప్పా అని పిలిచి మరీ కాల్చే ఊర్లు ఉండాయి గదక్కా మనకాడ,” అన్నా. నెత్తిన మొట్టింది.

ఇంకో చట్టం. కూలినోడు తిరిగి కాల్చగూడదు. కూల్చినోడు కుర్చీలోనించి లేచి, వాని దగ్గరికి నడిచిపోయి, మొగం చూసి “తప్పాయప్పా” అనాల. కంప్యూటర్‌లో సారీ అని కొడితే చెల్లదు.

ఆ వారమంతా మాకు తూటాలు లేవు, ఉత్తగా ఎగరడమే. అక్క మా వెనకాల నిలబడి, స్క్రీన్ మీదికొచ్చిన ప్రతి విమానానికీ “ఎవురు?” అని అడిగేది. రెక్క మీది గుర్తు చూసి చెప్పాల. తడబడితే కుర్చీ వీపు మీద స్కేలుతో ఒక దెబ్బ. “కాల్చకముందు చూడండప్పా. కాల్చినాక చూసేదానికి పొగే మిగులుతాది.”

తూటాలు తిరిగిచ్చిన సాయంత్రం, అల్లుడు నా విమానం తోక పట్టుకొని గురి పెట్టినాడు. “అప్పా!” అని అరిచినా. వాడు అదిరిపడి పక్కకు తిప్పి, పోయి కొండను గుద్దుకున్నాడు. నేను బతికినా, వాడు పోయినాడు, ఆట ఓడిపోయినాం. అక్క చప్పట్లు కొట్టింది. మేము గెలిచిన రోజుల్లో గూడా ఆమె అట్ల కొట్టింది లేదు. వెలి మా గడప తొక్కలేదు.

సమాధి దగ్గర ప్రార్థన ముగిసినాక, ఆలూరు నుంచి వచ్చిన అక్క చెల్లెలు, కంప్యూటర్లు అమ్మేసి గది ఖాళీ చేస్తానని చెప్పింది. నేను ముందుకు పోయినా. “అమ్మా, ఆసుపత్రిలో అక్క నా చెయ్యి పట్టుకొని ఒకే మాట చెప్పింది. సెంటర్ మూయొద్దు, అనింది.” ఆమె ఏడ్చి, తాళంచెవులు నా చేతిలో పెట్టింది. పగలు అల్లుడు, సాయంత్రం నేను చూసుకునేట్టు మాట్లాడుకున్నాం.

చదివే మీకు మాత్రం నిజం చెప్తాండా. ఆ మాట నేను కల్పించింది. నేను పోయేసరికే అక్కకు మాట పడిపోయిండె. చెయ్యి నేనే పట్టుకున్నా. చెల్లెలికి ఇది తెలిసి అడగొస్తే, చేతులు కట్టుకొని నిలబడి తిట్లు తింటా. తాళంచెవులు మాత్రం ఇయ్యను.

నిన్న సాయంత్రం షట్టర్ ఎత్తినాం. ఇన్ని దినాలు మూసుండేసరికి స్క్రీన్లన్నిటి మీదా నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీల తెల్లదుమ్ము. ఆట పెట్టి, అల్లుడు తడిగుడ్డతో తుడుస్తాంటే, గుడ్డ పోయినకాడల్లా ఆకాశం బయటపడతా వచ్చింది.