హేమ్లి నింపిన నిమిషాలు

మా సెక్టార్‌లో ఇరవై ఆరు అంగన్‌వాడీ సెంటర్లు ఉంటే, నేను వంక పెట్టలేని టీచరు ఒక్కతే, హేమ్లి. సూపర్వైజర్ని కాబట్టి వంకలు పెట్టడమే నా ఉద్యోగం. తొమ్మిదేళ్లలో ఆమె సెంటర్‌కి చెప్పాపెట్టకుండా ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు. గుడ్లు తక్కువ పడలేదు, బరువు తూచే కాంటా మీద దుమ్ము లేదు, రిజిస్టరులో ఒక్క గడి ఖాళీ లేదు. ఈ ఆఖరిదే ఆమె కొంప ముంచింది. ముంచినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ ముక్క ముందే చెప్పేస్తే నాకు కొంచెం తేలిక.

సెంటరు ఉన్నది ఇప్పల గుంపులో. బూర్గంపాడు నుంచి అడవి వైపు వెళ్తే వస్తుంది, ముప్పై ఇళ్ల కోయ ఊరు. హేమ్లిది అక్కడికి నాలుగు కిలోమీటర్ల దూరంలోని తండా. భర్త కిషన్‌లాల్ పాల్వంచలో షిఫ్టు పనికి వెళ్తాడు. ఇంట్లో లంబాడీ మాట్లాడి, సెంటర్‌కి వచ్చి తెలుగు మాట్లాడి, కోయ తప్ప మరో మాట రాని పిల్లల ముందు కూర్చోవాలి. ఆమె చేరిన మొదటి నెల ఊరివాళ్లు పిల్లల్ని పంపలేదు. తండా మనిషి మా పిల్లలకేం చెప్తుంది అన్నారు. అప్పుడు ముత్తక్క ఇంటింటికీ తిరిగి, ఒకణ్ని చంకనేసుకుని, ఇద్దర్ని చెయ్యి పట్టుకుని తెచ్చింది. ముత్తక్క ఆ సెంటర్‌లో ఆయా, ఆ ఊరి మనిషే. వంట ఆమెది, పిల్లల ముక్కులు తుడవడం ఆమెది.

కథలు కూడా ఆమెవే అని నాకు తర్వాత తెలిసింది. హేమ్లి తెలుగులో కథ మొదలుపెట్టేది, ముత్తక్క అందుకుని కోయలో చెప్పేది. హేమ్లి కథలో నక్క ఊరికే ఊళ్లోకి వచ్చేది. ముత్తక్క చెప్తే ఆ నక్క వాగు దాటుతూ తోక తడుపుకుని, ఆరబెట్టుకుంటూ, తునికాకు కట్టలు కట్టే ఆడవాళ్ల చేతికి చిక్కేది. పిల్లలు మళ్లీ మళ్లీ అడిగేవాళ్లు, ఎదురు ప్రశ్నలు వేసేవాళ్లు. పక్కన కూర్చుని హేమ్లి కోయ నేర్చుకుంది, అయినా కథ చెప్పడం మాత్రం ముత్తక్కకే వదిలేసింది. నేను వాళ్లిద్దర్నీ చూసి, కలిసి పని చేసుకుంటే ఎట్లా ఉంటుందో మిగతా టీచర్లకు చెప్పేదాన్ని.

రెండున్నరేళ్ల కిందట హైదరాబాద్ కంపెనీ ఒకటి ‘బుజ్జిగూడు’ అనే యాప్ తెచ్చింది. తల్లి ఫోన్‌లో పెట్టుకుంటే అది పిల్లకి కథలు వినిపిస్తుంది, ఎన్ని నిమిషాలు విన్నదో తనే లెక్క పెట్టుకుంటుంది. వారానికి నలభై నిమిషాలు దాటితే ఆ పిల్ల పేరు పక్కన ఆకుపచ్చ, తగ్గితే ఎరుపు. పాల్వంచలో ఒక పూట ట్రైనింగు ఇచ్చారు. సమోసాలు బాగున్నాయి. హేమ్లి లేచి, తన సెంటర్‌లో పందొమ్మిది మంది పిల్లలని, వాళ్ల ఇళ్లన్నిటికీ కలిపి టచ్ ఫోన్లు మూడని, ఊళ్లో సిగ్నలే లేదని చెప్పింది. ఒకే ఫోన్‌లో ఎంతమంది పిల్లల్నైనా చేర్చుకోవచ్చమ్మా అన్నాడు ట్రైనరు. ఆమె తలూపి కూర్చుంది.

మొదటి నెల నా సెక్టార్ అంతా ఎర్రగా వచ్చింది. మీటింగులో ఆ ఎరుపును గోడ మీద వేసి, పదిమంది ముందు నన్ను నిలబెట్టి అడిగారు. ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి టీచర్ల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టాను: "ఏం చేస్తరో నాకు తెల్వదు. వచ్చే నెల నాకు ఎరుపు కనబడొద్దు." అక్షరం మార్చకుండా ఇక్కడ రాస్తున్నాను.

మిగతా టీచర్లకు సంగతి తెలిసిపోయింది. తలా కొంత నింపి, నమ్మేటట్టుగా అక్కడక్కడా ఎరుపు వదిలారు. హేమ్లికి ఆ లౌక్యం లేదు. ఆమెకు యాప్ అంటే ఇంకో రిజిస్టరు, రిజిస్టరు అంటే నిండాలి. తండాలో సిగ్నల్ ఉంది కాబట్టి, రోజూ సాయంత్రం జొన్నరొట్టెలు చేసుకుంటూ, ఫోన్‌ను బియ్యం డబ్బా పక్కన పెట్టి, సౌండ్ తీసేసి, ఒక్కో పిల్ల పేరు మీద కథ నడిపేది. వినేవాళ్లు లేరు. ఆమె కూతురు రూప్లి ఫోన్ అడిగితే ఇచ్చేది కాదు, "పిల్లల నిమిషాలు తక్కువబడ్తయ్" అనేది. రెండేళ్లు అట్లా నడిపింది. ఇప్పల గుంపులో పందొమ్మిదికి పందొమ్మిదీ ఆకుపచ్చే.

దీనికి ఇంకోటి తోడయింది. కంపెనీ తరఫున మనుషులు వచ్చి, కోయ వచ్చినవాళ్లను వెంటబెట్టుకుని, పిల్లల్ని మాట్లాడించి పరీక్ష పెట్టారు. ఇప్పల గుంపు పిల్లలకు మాటలు బాగా వచ్చాయి, పట్నం పిల్లలకు ఏమాత్రం తీసిపోలేదు. అది నిజం. ఆ నిజాన్ని, హేమ్లి నింపిన నిమిషాల్ని పక్కపక్కన పెట్టి చూసుకుని కంపెనీవాళ్లు మురిసిపోయారు.

పోయిన మార్చిలో ఫోన్ వచ్చింది. హైదరాబాద్‌లో పెద్ద హోటల్లో రెండు రోజుల సదస్సు, పిల్లలకూ కుటుంబాలకూ డిజిటల్ టెక్నాలజీ మీద. దేశదేశాల కంపెనీలు, ఆరేడు వందల మంది. రెండో రోజు పదకొండు గంటలకు ఇప్పల గుంపు నుంచి లైవ్. సిగ్నల్ లేకపోతే డిష్ ఉన్న వ్యానే వస్తుందట. సంతోషంగా హేమ్లికి ఫోన్ చేసి చెప్పాను.

"మేడం, ఊళ్లె ఎవ్వరికీ ఆ యాప్ తెల్వదు," అందామె. "నేనే నింపిన. రిజిస్టర్ లెక్క."

నాకు తెలియదని అనలేను, తెలుసనీ అనలేను. అడగకుండా రెండేళ్లు గడిపాను, అంతే. పది రోజులు ఉన్నాయి కదా, ఒక్క తల్లికి, ఒక్క పిల్లకి నేర్పు చాలు అన్నాను. హేమ్లి వనజ అనే ఆమెను ఒప్పించి, ఊళ్లో సిగ్నల్ లేదు కాబట్టి తండాలోనే నాలుగు కథలు ఫోన్‌లోకి దించుకొచ్చింది. అది ఇప్పపువ్వు రాలే కాలం. వనజ కోడి కూయకముందే అడవికి వెళ్లి, పువ్వు ఏరుకొచ్చి, ఆరబోసి, అప్పుడు ఫోన్ ముందు కూర్చునేది. కూర్చోగానే కునుకు పట్టేది. నాలుగేళ్ల ఆమె కూతురు మాత్రం ఎక్కడ నొక్కాలో రెండు రోజుల్లో పట్టేసింది. కథ సగం కాకముందే ఫోన్ పక్కన పెట్టి ముత్తక్క దగ్గరికి పోయేది, నువ్వు చెప్పు అని.

లైవ్‌కి ముందు రోజు కంపెనీ తరఫున కళ్యాణి వచ్చింది. మంచి పిల్ల. దారంతా దుమ్ము తిని వచ్చి కూడా నవ్వుతూ మాట్లాడింది. ముత్తక్క టీ పోస్తుంటే, హేమ్లీ నేనూ ఎదురుగా కూర్చుని ఉండగా, సంతోషంగా చెప్పింది.

"శారద గారూ, రేపు లైవ్ అయిపోగానే మా రిపోర్ట్ రిలీజ్ చేస్తాం. ‘ఒక టీచర్, ఒక ఫోన్’ అని. ఇంట్లో యాప్ ఇంత బాగా నడిచే ఊళ్లల్లో రెండో మనిషి అవసరం లేదని మా డేటా చెప్తోంది. ప్రభుత్వాలకు ఎంత కలిసొస్తుందో చూడండి."

"రెండో మనిషంటే ఆయానా?" అంది హేమ్లి.

"అంటే, వెంటనే అన్ని చోట్లా కాదు. ముందు పైలట్‌గా ఒక ఊరు తీసుకుంటాం."

"ఏ ఊరు?"

"ఇదే కదా మన బెస్ట్ విలేజ్," అంది కళ్యాణి.

ముత్తక్క ఆమె గ్లాసు నింపి, నా గ్లాసు నింపి, కెటిల్ తీసుకుని లోపలికి వెళ్లింది. విన్నదో లేదో తెలియలేదు. హేమ్లి మొహం మాత్రం చూడలేకపోయాను. ఆమెను వాకిట్లోకి పిలిచాను.

"రేపు రెండు ముక్కలు చెప్పి ఊకో. ఆయా సంగతి తర్వాత చూద్దాం."

"తర్వాత ఎవరు చూస్తరు మేడం?"

"నిజం చెప్తే నీ ఉద్యోగం పోతది. తెలుస్తుందా నీకు?"

"ఎరుకే," అంది. నాకు పిచ్చి కోపం వచ్చింది. రాత్రంతా ఆ కోపం మీదే ఉన్నాను, భయాన్ని కోపం అనుకుని.

మర్నాడు పొద్దున్నే వ్యాను వచ్చింది. సెంటర్ ముందు కెమెరా నిలబెట్టి, పెద్ద టీవీ పెట్టారు. టీవీలో హోటల్ హాలు కనపడింది. వరసలు వరసలుగా తలలు, వేదిక మీద కోటు వేసుకున్న ఒకాయన. మనం మాట్లాడింది వాళ్లకు చేరడానికి రెండు మూడు సెకన్లు పడుతుందని, కంగారు పడొద్దని కళ్యాణి చెప్పింది. ఆయన ఇంగ్లిష్‌లో అడిగేవాడు, ఆమె తెలుగులో చెప్పేది.

వనజ ఫోన్ పట్టుకుంది. చేతులకు ఇంకా ఇప్పపువ్వు జిగురు ఉంది. కూతురు నొక్కింది. కథ మొదలైంది. రెండు సెకన్లు ఏమీ లేదు, తర్వాత టీవీలో చప్పట్లు. నేను ఊపిరి పీల్చుకున్నాను. గండం గడిచిందనుకున్నాను. ఇంక మిగిలింది ఒకే ప్రశ్న, దానికి జవాబు హేమ్లికి బట్టీ పట్టించి ఉంది.

"ఈ విజయానికి రహస్యం ఏంటని అడుగుతున్నారు టీచర్ గారూ," అంది కళ్యాణి.

హేమ్లి కెమెరా ముందుకు వచ్చి నిలబడింది. వేదిక మీదాయన నవ్వుతూ ఎదురుచూశాడు. వినపడలేదేమో అని వ్యాన్‌లో ఉన్నతను వైరు సర్దాడు. నేను కెమెరా వెనక నిలబడి, చెప్పు, చెప్పు అని చేత్తో సైగ చేశాను. ఆమె నా చెయ్యి చూసింది, నన్ను చూసింది, టీవీ వైపు తిరిగింది.

"గా నిమిషాలు పిల్లలయి కావు సార్. నేనే నింపిన. మా ఇంట్ల సౌండ్ బంద్ జేసి నడిపిచ్చిన. ఒక్క పిల్ల గూడ ఇన్లే. పిల్లలకు మాటలొచ్చింది ముత్తక్కతోని. ఆమె మా ఆయా. ఆమె లేకుంటే నాకు కథ చెప్పరాదు. తప్పు జేసిన, నన్నేమన్న చేయుండ్రి. ఆమెను తియ్యకుండ్రి."

కళ్యాణి టీవీ వైపు, నా వైపు చూసింది. "చెప్పుండ్రి మేడం, ఉన్నది ఉన్నట్టు," అంది హేమ్లి ఆమెతో. కళ్యాణి ఇంగ్లిష్‌లో ఏదో రెండు ముక్కలు అంది. అప్పటికే హాల్లో తెలుగు వచ్చినవాళ్ల తలలు ఒకదాని వైపు ఒకటి తిరిగాయి. వేదిక మీదాయన నవ్వు అట్లాగే ఉంచుకుని, నెట్‌వర్క్ ఇబ్బందిగా ఉందని అన్నాడు. టీవీ నల్లబడింది. "సిగ్నల్ మంచిగనే ఉంది," అన్నాడు వ్యాన్‌లో అతను, అమాయకంగా.

ముత్తక్క పొయ్యి దగ్గరి నుంచి వచ్చింది. గుడ్లు తీసే గరిటె చేతిలో ఉంది.

"ఎందుకు జెప్పినవ్ పిల్లా? నా కొలువు కోసం నీది పెడ్తవా?"

"నీ ఒక్కదాని కోసమే గాదక్కా," అంది హేమ్లి. "రేపు నువ్వు లేకుంటే, వీళ్లు కథ అడిగితే నేనేం జెయ్యాలె?"

కంపెనీ తన రిపోర్టులో ఆ పేజీలు తీసేసింది. ఆయా పోస్టు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. హేమ్లికి మాత్రం నోటీసు వచ్చింది, తప్పుడు వివరాలు ఎందుకు నమోదు చేశావని, ఎవరు చెప్తే చేశావని. ఆమె సంజాయిషీ నా ద్వారానే పైకి పోవాలి. తెల్లకాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలు: "నాకు ఎవరూ చెప్పలేదు. రిజిస్టరు అనుకుని నేనే నింపినాను." నా మెసేజ్ ఆమె ఫోన్‌లో ఉంది. ఫొటో తీసి దానికి జత చేస్తే సరిపోయేది. ఎందుకు చెయ్యలేదో నేను అడగలేదు. అడిగితే ఆమె ఏం చెప్తుందో అని భయం.

కింద, సూపర్వైజర్ అభిప్రాయం అని ఖాళీ ఉంది. కాగితాన్ని మూడు రోజులు నా దగ్గరే ఉంచుకున్నాను. పెన్ను తియ్యడం, మూత పెట్టడం. నాలుగో రోజు ‘సంజాయిషీ వాస్తవమే’ అని రాసి సంతకం పెట్టాను. జూన్‌లో హేమ్లిని తీసేశారు. ఇప్పుడు తండావాళ్లతో కలిసి ఆటోలో మిరప తోటలకు కూలికి పోతోంది. ఒకసారి దారిలో ఎదురైతే నాకంటే ముందు ఆమే నమస్తే పెట్టింది. నాకు ఏడుపొచ్చింది, కానీ ఆటో ఆగలేదు, నేనూ ఆపమనలేదు.

పోయిన వారం ఇప్పల గుంపు వెళ్లాను. కొత్త టీచరు సెలవులో ఉంది. ముత్తక్క ఒక్కతే పిల్లలతో ఉంది. కుర్చీ వేసింది, నీళ్లిచ్చింది. నేను రిజిస్టరు తెరిచాక, పక్కన నిలబడి మెల్లగా అంది.

"గ్రూపుల మీరు పెట్టిన మెసేజ్ గురించి హేమ్లి నాకు అప్పుడే చెప్పింది మేడం."

నేను పేజీ తిప్పాను.

"గా కాయితంల మీ సంగతి గూడ రాసుంటే మిమ్మల్ని ఏం జేసేటోళ్లు?"

ఇన్నాళ్లూ భయపడటంతోనే సరిపోయింది, దేనికి భయపడుతున్నానో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించాను. నాది పర్మనెంట్ ఉద్యోగం. తీసెయ్యరు.

"వేరే మండలానికి బదిలీ చేసేటోళ్లేమో," అన్నాను.

"గంతేనా?"

ఆమె కోపంగా అడగలేదు. తెలుసుకోవాలని అడిగింది. పిల్లలు వెనక నుంచి ఆమె చీర లాగుతున్నారు, కథ కోసం. ఆమె కదలకుండా నా జవాబు కోసం నిలబడింది.

"గంతే," అన్నాను.