కొత్త బ్రేకులు, కోటయ్య చెక్క

నేను దేవుడి మీద ఒట్టు పెట్టను. ఆయనకి వేరే పనులున్నాయి. నా రెండు చేతుల మీద పెడతాను... యాభై ఏళ్ళు ఇనుము పట్టిన చేతులు. ఇది జరిగింది. నాకే జరిగింది. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మా మేనల్లుడు ఇంజనీరింగు చదివి వచ్చి, సగం విని, "ఆవిరి మామా" అన్నాడు. ఆవిరి సంగతి నాకు తెలియదనా? అదీ చెబుతాను. మిగతా సగానికి వాడి చదువులో జవాబు లేదు. లేచి కాఫీకి పోయాడు.

అరవైల మొదట్లో మాట. కృష్ణపట్నం అవతల సముద్రపు ఒడ్డున మా యజమాని రెడ్డిగారికి సరుగుడు తోపులుండేవి. కట్టె కొట్టి, ఐదు మైళ్ళు మోసి, బకింగ్‌హాం కాలువ రేవులో పడవకెక్కిస్తే మద్రాసు పోయేది. మోసేది నా లారీ. యుద్ధంలో మిగిలి వేలానికొచ్చిన మిలిటరీ బండి. నాలుగు చక్రాలూ లాగుతాయి. ఇసుక దిబ్బ కనిపిస్తే చాలు, ఎక్కేసేది. ఎక్కడమే తెలుసు దానికి. ఆగడం తెలియదు.

స్టీరింగు అరచుట్టు తిప్పితేగాని చక్రానికి కబురందేది కాదు. బ్రేకు తొక్కితే కాలికి కసరత్తు, అంతే. ఇసుకలో ఫరవాలేదు, ఇసుకే ఆపుతుంది. రేవు దగ్గర మాత్రం గట్టి నేల, ఏటవాలు. అక్కడ ఆపేది కోటయ్య.

కోటయ్య మా క్లీనరు. నలభై దాటిన మనిషి, నలుగురు పిల్లలు. వాడికి ఒక తుమ్మ చెక్క, దానికో తాడు. రేవు రాగానే దూకి, లారీ పక్కనే పరిగెత్తి, వెనక చక్రం ముందుకి చెక్క తోసేవాడు. టక్... అని చక్రం దాన్ని తాకి... దడ్ అని బండి కూర్చునేది. రాత్రయితే ఆ చెక్కే వాడికి తలగడ.

నేను బడికి పోలేదు. ఇంగ్లీషు నేర్చుకున్నది లారీ సీటు కింద దొరికిన మిలిటరీ పుస్తకంలో, మాట మాటకీ నిఘంటువు తిప్పి. ఏడాదిపాటు బ్రేకుల అధ్యాయమే చదివాను. మద్రాసు పాత ఇనుప అంగడికి పోయి, అలాంటిదే చచ్చిన బండి నుంచి పెద్ద డ్రమ్ములు, వీల్ సిలిండర్లు, స్టీరింగు రాడ్లు ఊడదీయించి తెచ్చాను. రబ్బరు కప్పులు కొత్తవి వేశాను. ఊళ్ళో మేస్త్రీలు వచ్చి చూసి, చదువుకోని మెకానిక్కు కంటే చదువుకున్న మెకానిక్కు ప్రమాదం అని పోయారు. ఆ మాట ఇప్పటికీ మంటే.

రెడ్డిగారు కూడా వచ్చి చూశారు. "బ్రేకులు పడితే ఇంక కోటయ్య దేనికబ్బా? ఈ రేత్రి చెక్క లేకుండా రేవులో దించి రా. రేపట్నించి వాడు అక్కర్లా" అన్నారు. కోటయ్య అక్కడే ఉన్నాడు. నేను ఛాతీ విరుచుకుని తలూపాను. నలుగురు పిల్లలు అప్పుడు గుర్తు రాలేదు.

ఇక బ్రేకు ఆయిలు. నెల్లూరంతా తిరిగినా దొరకలేదు. ఆముదం, స్పిరిట్ కలిపితే అదే బ్రేకు ఆయిలు. నవ్వకండి, ఆ రోజుల్లో వాడేవాళ్ళు. కాంపౌండరు దగ్గర మందుల స్పిరిట్ ఒక సీసా సంపాదించాను. మద్యనిషేధం రోజులవి. సీసా మూడు రోజులు షెడ్డులో ఉంది. కోటయ్య కూడా షెడ్డులోనే ఉన్నాడు. ఈ రెండు వాక్యాలూ కలిపి చదివే తెలివి నాకు అప్పుడు లేదు. ఆముదంలో స్పిరిట్ కలిపితే మజ్జిగలా తెల్లబడింది. పుస్తకంలో రంగు గురించి ఏమీ రాయలేదు. పోసేశాను.

పని ముగిసేసరికి పొద్దు గుంకింది. పడవ తెల్లారేలోపు కదలాలి. కట్టె ఎక్కించుకుని బయల్దేరబోతుంటే కోటయ్య వచ్చి తలుపు పట్టుకున్నాడు.

"అన్నా, నేనూ వస్తా. ఎందుకైనా మంచిది."

"బ్రేకులుండగా నీ చెక్క దేనికిరా? పోయి పడుకో."

వాడు నా వంక చూడలేదు. బ్రేకు వంక చూశాడు. "ఎందుకైనా మంచిదన్నా" అని ఇంకోసారి అన్నాడు. నేను గేరు వేశాను.

అమావాస్య దగ్గర. ఒకటే దీపం బండికి. అరచుట్టు తిప్పే అలవాటు పోక, కొత్త స్టీరింగుతో రెండుసార్లు తాటిచెట్ల మీదికి పోయాను. బ్రేకులంటారా... తొక్కితే నిలబడేది! ఆ సంబరం మీకేం తెలుసు. ఫర్లాంగుకొకసారి తొక్కాను. ఆగాను. మురిసాను. మళ్ళీ తొక్కాను. డ్రమ్ముల్లోంచి కాలిన వాసన వస్తున్నా, కొత్త లైనింగుల వాసన అనుకున్నాను.

రేవు వచ్చింది. ఏటవాలు మొదలు. కింద నీళ్ళ ఒడ్డున పడవ. దాంట్లో పడవవాడు, పెళ్ళాం, చంటిబిడ్డ... నిద్రలో. లాంతరు ఒకటి వెలుగుతోంది.

తొక్కాను.

కాలు నేలకి తగిలింది.

మళ్ళీ తొక్కాను... మెత్తగా, పత్తిలో తొక్కినట్టు. లేదు. బ్రేకు లేదు. హ్యాండు బ్రేకు తీగ ఎప్పుడో తెగింది, కొత్త బ్రేకులున్నాయి కదా అని వేయలేదు. గేరు తగ్గించబోతే గరగరమని, ఉన్న గేరు కూడా ఊడింది. వెనక రెండు టన్నుల కట్టె. లాంతరు పెద్దదవుతోంది. అరిచాను. ఏమని అరిచానో తెలుసా... "కోటయ్యా!" అని.

అప్పుడు వినిపించింది.

పక్కన... అడుగుల చప్పుడు. చెప్పుల్లేని కాళ్ళు. థప్... థప్... థప్... లారీతో సమానంగా. అద్దంలో చూశాను. చీకటి.

టక్.

దడ్.

బండి కూర్చుంది. నాలుగు కట్టెలు క్యాబిను మీదుగా దొర్లి ముందు పడ్డాయి. పడవకి మూడు బారల దూరం. బిడ్డ ఏడుపందుకుంది. నేను దిగి, పాకినట్టు వెనక్కి పోయాను. ఎడమ చక్రం కింద చెక్క. తుమ్మ చెక్క. తాడు కూడా ఉంది. తడిగా ఉంది. "కోటయ్యా..." అన్నాను. కాలువ నీళ్ళు ఒడ్డుకి తగులుతున్నాయి. అంతే.

పడవవాడు నా వంశాన్నంతా పేరుపేరునా తిట్టాడు. వాడి పెళ్ళాం నయం. లాంతరు పట్టుకుని మంచినీళ్ళు తెచ్చింది. రెండు చెంబులు.

"రెండోది ఎవరికమ్మా?" అన్నాను.

"నీ అరుపుకి లేచి చూసినా గదా, నీ పక్కన పరిగెత్తతా వచ్చినాయనకి" అంది. "యాడికి బోయినాడు?"

రెండు చెంబులూ నేనే తాగాను.

తెల్లవారుజామున బ్రేకు తొక్కితే... రాయిలా గట్టిగా ఉంది! కట్టె దింపి షెడ్డుకి పోయాను. కోటయ్య ముఖాన తువ్వాలు కప్పుకుని గురక పెడుతున్నాడు. తల కింద వాడి చెక్క. నా చేతిలో ఇంకో చెక్క. వాడి కాళ్ళకి ఇసుక ఉంది. మా ఊళ్ళో ఇసుక లేని కాళ్ళెక్కడివి?

రెడ్డిగారు వచ్చి, బ్రేకులు పట్టినాయా అని అడిగారు. కోటయ్య లేచి కూర్చున్నాడు. జీవితంలో ఒక్కసారే నేను పుస్తకం మీద అబద్ధమాడాను. "పట్టినాయి సామీ. కాకపోతే ఎంత కొత్త బ్రేకులున్నా చెక్క మనిషి ఉండి తీరాలని రాసినారు" అని ఒక పేజీ తెరిచి చూపించాను. అది రేడియేటరు బొమ్మ. ఆయన శ్రద్ధగా చూసి, మిలిటరీవాళ్ళు రాసినారంటే సరే అన్నారు. కోటయ్య ఉద్యోగం నిలిచింది.

చాలా ఏళ్ళకి వాడే ఒప్పుకున్నాడు. సగం స్పిరిట్ తాగి, సీసా నీళ్ళతో నింపాడట. ఆ నీళ్ళే వేడికి ఆవిరై బ్రేకు పోయింది. చల్లారాక తిరిగొచ్చింది. ఇదీ మా మేనల్లుడి సగం. కడుపు మండి నాలుగు దులిపి, మరి చెక్క సంగతేందిరా అన్నాను.

"నేను షెడ్డు దాటలేదన్నా. పిల్లోళ్ళ మీద ఆన" అన్నాడు.

వాడే అయ్యుండొచ్చు. ఫర్లాంగుకొకసారి ఆగిన బండిని నడిచేవాడైనా అందుకుంటాడు. కానీ తాగింది ఒప్పుకున్నవాడు, ముగ్గురి ప్రాణాలు కాపాడింది ఎందుకు దాచాలి? కోటయ్య ఆ రహస్యంతోనే పోయాడు... రహస్యమే ఉంటే.

చెక్క మా తలుపుకి అడ్డం పెట్టుకున్నాను. దాన్ని చూసినప్పుడల్లా భయం కాదు, సిగ్గేస్తుంది. ఆ రెండో చెంబు నాది కాదు. ఎవరో అంత దూరం పరిగెత్తి వస్తే, వాళ్ళ నీళ్ళు కూడా నేనే తాగేశాను.