నేను మూసిన కన్నం

నా చిన్నప్పుడు, పన్నెండేళ్ల వయసులో, మా నాన్న పడవను కాపాడుతున్నాననుకుని దానికి ఉన్న ఒక కన్నం మూశాను. అది మూయకూడని కన్నం. ఆ సంగతి తెలిశాక కూడా తొమ్మిది రోజులు నోరు విప్పలేదు. మూయడం తెలియక చేసిన తప్పు, నోరు విప్పకపోవడం తెలిసి చేసిన తప్పు. మొదటిదానికి నన్ను నేను ఎప్పుడో క్షమించుకున్నాను. రెండోదానికి ఇంకా లేదు.

మాది మామిడికుదురుకు దిగువన, గోదావరి పాయ సముద్రంలో కలిసే మొగకు దగ్గర్లో ఉన్న చిన్న రేవు. చెక్క పడవలకు ఇంజన్లు కొత్తగా వచ్చిన రోజులవి. నాన్న, బాబాయి ఒకే పడవ మీద వేటకు వెళ్లేవారు. చెక్క పడవ ఎంత గట్టిగా కట్టినా అడుగున నీరు చేరక మానదు. పలకల సందుల్లోంచి కొంత ఊరుతుంది, వలతో పాటు కొంత వస్తుంది, మొగ దాటేటప్పుడు కెరటం కొంత పోస్తుంది. దాన్ని రేకు డబ్బాతో తోడి పోస్తూ ఉండడమే ఒక మనిషికి రోజంతా పని. ఆ ఏడు బాబాయికి నడుము పట్టేసింది. ఇక లాభం లేదని, నీరు తోడే పంపు పెట్టించడానికి నాన్న సిద్ధపడ్డాడు.

పంపు పెట్టడానికి వచ్చిన మెకానిక్ మా ఊరివారు కాదు. ఐ.పోలవరం వైపు నుంచి భార్యతో, ఇద్దరు ఆడపిల్లలతో వచ్చి మా వీధి చివర పాకలో దిగారు. అంతకుముందు ఏదో లాంచీలో ఇంజను చూసేవారట, ఆ లాంచీ మునిగిపోయిందట. ఎలా మునిగిందని ఆయన్ని ఎవరూ అడగలేదు. ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకున్నారు. మా పడవ పని ఎలా ఉంటుందో చూసి తమ పడవలు ఇద్దామని రేవులో మరో ఆరుగురు ఆగి ఉన్నారు. మా పడవ బాగుంటే ఆయన ఇక్కడ నిలదొక్కుకుంటారు, లేకపోతే మళ్లీ మూట సర్దుకోవాలి. ఇది రేవంతటికీ తెలుసు.

మా తాతయ్య మొదటి రోజు నుంచే ఆయన్ని నమ్మలేదు. నేను తాతయ్యకు తోకని. మెకానిక్ గారు ఏం చేసినా మా ఇద్దరికీ ఏదో మర్మం ఉన్నట్టే కనిపించేది. పడవ అడుగున నిలిచిన నీటిలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నారు. నీరు ముందుగా ఎక్కడ చేరుతుందో చూడడానికి పడవలో చాలాసేపు బోర్లా పడుకున్నారు. ఐసు, వల అన్నీ ఎక్కించమని చెప్పి, అప్పుడు పడవ ఎంతవరకు మునుగుతుందో బయట సుద్దముక్కతో గీత గీశారు. గంటకు ఎన్ని డబ్బాలు తోడతారని బాబాయిని అడిగి, మర్నాడు అదే ప్రశ్న మళ్లీ అడిగారు.

"వీడు మెకానిక్కా, పోలీసా?" అన్నాడు తాతయ్య నాతో.

పంపు కొనడానికి నాన్న ఆయన్ని వెంటబెట్టుకుని అమలాపురం వెళ్లాడు. నాన్న పెద్ద పంపు చూసి ముచ్చటపడితే ఆయన వద్దన్నారట. అది బ్యాటరీని తాగేస్తుంది, నడిసముద్రంలో ఇంజను తిరగనని మొరాయిస్తుంది అన్నారట. చివరికి బ్యాటరీతో నడిచే చిన్న పంపు ఒకటి, చేత్తో కొట్టే పంపు ఒకటి తెచ్చారు. తాతయ్య రెండింటినీ తిప్పి తిప్పి చూశాడు.

"ఉన్నది ఒక్క పడవ. రెండు పంపులెందుకండీ?"

"ఒకటి నమ్మకానికండీ, రెండోది అనుమానానికి."

"ఎవరి మీద అనుమానం?"

"మొదటి దాని మీదేనండి, ఆయ్!"

నాన్న, బాబాయి పగలబడి నవ్వారు. తాతయ్య నవ్వలేదు కాబట్టి నేనూ నవ్వలేదు.

మూడో రోజు మెకానిక్ గారు బర్మా తీసి పడవ పక్క పలకకు, అంచుకు జానెడు దిగువన కన్నం పెట్టారు. పంపు తోడిన నీరు గొట్టంలో పైకి వచ్చి అక్కడి నుంచి బయట పడాలి. గొట్టాన్ని అంచు మీదుగా వేస్తే వల లాగేటప్పుడు చిక్కుకుంటుంది. మరీ కిందికి పెడితే, పడవ బరువెక్కినప్పుడు సముద్రమే ఆ గొట్టంలోంచి లోపలికి వస్తుంది. అందుకే సుద్ద గీతకు బాగా పైన పెట్టారు. ఇదంతా ఆయన మా నాన్నకు వివరంగా చెప్పారు. ఆ మాటలు నేను వినలేదు. నేను చూసిందల్లా బర్మా కొసన రాలుతున్న చెక్కపొట్టునే.

మా ఇళ్లలో కన్నం అంటే రెండే అర్థాలు. దొంగ గోడకు పెట్టేది ఒకటి, పడవను ముంచేది ఒకటి. పలకల మధ్య సందు కనిపిస్తే కొబ్బరి పీచు మెలిపెట్టి, గుగ్గిలం నూనెలో కాచిన జిగురు పట్టించి కూరాలని తాతయ్య నాకు ఆరేళ్లప్పుడే నేర్పాడు. చిన్న వేళ్లు సందుల్లోకి బాగా వెళతాయని పదిమందిలో నన్ను మెచ్చుకునేవాడు. ఆ సాయంత్రం ఆయన అరుగు మీద కూర్చుని, "నీళ్లు బయటికి పోడానికి కన్నం పెట్టేడంట. ఎటు పోవాలో ఆ నీళ్లకి ఎవడు చెప్పేడు?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను నవ్వలేకపోయాను. పొద్దు గూకే వేళ జిగురు డబ్బా తీసుకుని ఒక్కణ్ణే రేవుకు వెళ్లాను. బయటి నుంచి వేలు పట్టినంత లోతు పీచు కూరి, జిగురు పూసి, అరచేత్తో అదిమాను. నా జన్మలో అంత శ్రద్ధగా చేసిన పని ఇంకొకటి లేదు.

మర్నాడు మొగ దాటుతుండగా పెద్ద కెరటం పడవలోకి పడింది. నాన్న స్విచ్ వేశాడు. పంపు గుయ్యిమని తిరిగింది. ఆ చప్పుడు విని నీళ్లు పోతున్నాయనుకుని ఇద్దరూ వల దించే పనిలో పడ్డారు. అడుగు చెక్కల మీదికి నీరు వచ్చి బాబాయి పాదాలు తడిసేసరికి ఇంజను కూడా తడిసి ఆగిపోయింది. సముద్రంలో ఉన్న వలను కోసి వదిలేశారు. అన్నదమ్ములిద్దరూ చేతిపంపు గొట్టాన్ని అంచు మీదుగా బయటికి వేసి, వంతులవారీగా కొట్టారు. అది లేకపోతే నేనివాళ ఈ మాటలు మరోలా రాయవలసి వచ్చేది. మధ్యాహ్నానికి ఇంకో పడవ వాళ్లను తాడు కట్టి లాక్కొచ్చింది. తాడు చివర తలవంచుకుని వస్తున్న మా పడవను చూడగానే నేను నీళ్ల అంచుదాకా పరిగెత్తాను.

"చెప్పేనా, లేదా? మంచి పడవకి కన్నం పెట్టేడు!" అని తాతయ్య రేవు అదిరేలా అరిచాడు. మెకానిక్ గారు అన్నం తింటున్న చేత్తోనే సంచి అందుకుని పరిగెత్తుకొచ్చారు. మోకాలి లోతు నీటిలో నిలబడి కన్నంలో వేలు పెట్టి చూశారు. తర్వాత సంచిలోంచి పటకారు తీసి, లోపలిదాన్ని పీకి, ఎవరికీ కనబడకుండా అరచేతిలో పెట్టుకుని చూసుకున్నారు. తల ఎత్తారు. చూపు జనం మీదుగా వచ్చి నా చేతుల దగ్గర ఆగింది. గుగ్గిలం మరక ఒకంతట పోదు. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఆయన పిడికిలి మూసి జేబులో పెట్టుకున్నారు.

"తప్పు నాదేనండి," అన్నారు నాన్నతో. "చప్పుడు నమ్మకండి, వంగి నీళ్లు పడ్డం కళ్లతో చూసుకోండని చెప్పాల్సింది. చెప్పలేదు."

తప్పు నాదే అన్న మాట ఒక్కటే రేవుకు వినిపించింది. ఆ సాయంత్రమే ఆరుగురూ మాకు పంపులు వద్దన్నారు. నాన్న బ్యాటరీ తీగలు ఊడదీశాడు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే మెకానిక్ గారు పనిముట్ల సంచి భుజాన వేసుకుని అమలాపురం బస్సెక్కేవారు, సాయంత్రం అదే సంచితో దిగేవారు. వాళ్ల పెద్దమ్మాయిని బడిలో 'పడవలు ముంచేవాళ్ల పిల్ల' అన్నారు. నేను అక్కడే ఉన్నాను. తల దించుకుని పుస్తకంలోకి చూశాను.

పదో రోజు ఆ పాక ముందు సామాను మూటలు కనిపించాయి. ఇక ఆగలేక లోపలికి వెళ్లాను.

"రండి అబ్బాయిగారూ. చేతులు తెల్లబడ్డాయా?" అన్నారు ఆయన. నేను ఏడుపు అందుకున్నాను. "గట్టిగానే పట్టించేవు. పటకారుతో లాగితే గానీ రాలేదు."

"నాన్నతో చెప్పలేదేంటండీ?"

"చెప్తే నమ్ముతారా? తన తప్పు పిల్లోడి మీదకి తోసేడంటారు. నీకు దెబ్బలు, నాకు ఇంకో పేరు." ఒక మూటకు ముడి బిగిస్తూ, "నా మీద నీకు అనుమానం వచ్చింది. రావచ్చు. నాకూ అందరి మీదా వస్తది. కానీ నన్ను అడగలేదేం?" అన్నారు.

లాంచీ సంగతి కూడా ఎవరూ అడగలేదని ఆయనే చెప్పారు. దాని గొట్టం మరీ కిందికి ఉందని ఆయన యజమానికి ముందే చెప్పారట. రేపు చూద్దామన్నాడట. తను గట్టిగా పట్టుబట్టలేదని ఇప్పటికీ బాధపడుతున్నారట. అప్పుడు నేను ఆయన్ని మొట్టమొదటి ప్రశ్న అడిగాను. ఆ నీళ్లు నాకి చూశారెందుకు అని. ఆయన ఫక్కున నవ్వారు. చప్పగా ఉంటే ఐసు కరిగిన నీళ్లు, ఉప్పగా ఉంటే సముద్రం ఎక్కడి నుంచో లోపలికి వస్తున్నట్టు. అంతే. ఒక్క మాట అడిగి ఉంటే తేలిపోయే విషయం.

మర్నాడు చేపల వేలంపాట దగ్గర, అందరూ ఉండగా, కన్నం మూసింది నేనేనని చెప్పాను. ఎవరూ నమ్మలేదు. "మెకానిక్కు బాగా నేర్పి పంపేడు," అని ఎవరో అంటే తాతయ్య కూడా అవునన్నట్టు తలూపాడు. నేను నాన్న చెయ్యి పట్టుకుని, ఒక్కసారి బ్యాటరీ తగిలించి చూడమని బతిమాలాను. నాన్న నా ముఖంలోకి చాలాసేపు చూసి పడవ దగ్గరికి నడిచాడు. బాబాయి బిందెలతో పడవలో నీళ్లు పోశాడు. స్విచ్ వేయగానే ఆ కన్నంలోంచి బొటనవేలంత లావు ధార ఇసుకలో పడింది. తర్వాత నాన్న నన్ను ఒక్క దెబ్బ కొట్టాడు. తాతయ్య కండువా దులిపి భుజాన వేసుకుని, వీధి చివరి పాకకేసి వెళ్లాడు. అక్కడ ఏమన్నాడో తెలియదు గానీ, సాయంత్రానికి మూటలు మళ్లీ లోపలికి వెళ్లాయి.

ఇప్పుడు నాకూ ఒక ఫైబర్ బోటు ఉంది. మనుషుల మీద అనుమానం నాకు ఇంకా తొందరగానే పుడుతుంది, అది నా గుణం. మూడేళ్ల కిందట, నాతో వేటకు వచ్చే ఒకాయన మీద డీజిల్ విషయంలో అనుమానపడి, అడక్కుండానే పది రోజులు మాట్లాడడం మానేశాను. ట్యాంకు కారుతోందని తెలిశాక ఆయన ఇంటికి వెళ్లి, పిల్లల ముందే తప్పు ఒప్పుకున్నాను. అడగడం నేర్చుకున్నానని చెప్పలేను. ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను.

ఆనాటి ఆరుగురిలో ఐదుగురు మెకానిక్ గారిని పిలిచారు. ఆరో ఆయన, ఒక ముసలాయన, పిలవలేదు. రోజూ బడి వదలగానే ఆయన వాకిట్లో నిలబడి, "కన్నం నేనే మూసేనండి. ఆయన పని మంచిదండి," అనేవాణ్ణి. ఆయన తల ఎత్తకుండా వల అల్లుకునేవారు. రెండు వారాలు దాటాక ఒకరోజు, "నువ్వెందుకురా తిరగడం? ఆయన్నే రమ్మను," అన్నారు.

"ఆయన రారండి. మీరే వచ్చి పిలవాలి," అన్నాను.

ముసలాయన నన్ను ఎగాదిగా చూసి, వల పక్కన పెట్టి లేచారు. మెకానిక్ గారు ఆయన పడవకు బర్మా పెట్టిన రోజు, పలక అదరకుండా అవతలి వైపు నుంచి రెండు చేతులా అదిమి పట్టుకున్నది నేనే.