ఎదురింటాయన పోయినప్పుడు

ఎదురింటాయన పోయారని ఆదివారం పొద్దున బ్రెడ్ కోసం వెళ్తే కొట్టావిడ చెప్పింది. "అందరూ చూడ్డానికి రేపు సాయంత్రం ఆయన్ని ఇంట్లోనే ఉంచుతారు. నువ్వూ వస్తావుగా?" అంది. వస్తానో రానో నాకే తెలియదు. తలూపి వచ్చేశాను.

ఐర్లండ్‌లో ట్రాలీ అనే పట్నానికి అరగంట దూరంలో ఉన్న చిన్న ఊరు మాది. ఒకటే వీధి, ఒక చర్చి, రెండు పబ్బులు. మా ఆయనకి ట్రాలీ ఆస్పత్రిలో ఉద్యోగం. నేను డబ్లిన్ కంపెనీకి ఇంటినుంచే పనిచేస్తాను. వచ్చి రెండేళ్లయినా నాకక్కడ కాలు నిలిచేది కాదు. లీజు ఎప్పుడైపోతుందా, డబ్లిన్ పక్క బ్లాంచర్డ్స్‌టౌన్‌లో మన తెలుగువాళ్ల మధ్యకి ఎప్పుడు వెళ్లిపోతామా అని చూసేదాన్ని. ఎదురింటాయనతో నా పరిచయమల్లా చెత్తడబ్బాతోనే. బుధవారం దాన్ని బయట పెట్టడం నేను మర్చిపోతే ఆయనే వచ్చి రోడ్డు పక్కకి లాగి పెట్టేవారు. నేను కిటికీలోంచి చెయ్యూపేదాన్ని.

సోమవారమంతా పని సాగలేదు. మీటింగ్‌లో ఉన్నా కళ్లు ఎదురింటి మీదే. కార్లు వచ్చి ఆగుతున్నాయి. జనం పళ్లేలు పట్టుకుని లోపలికి వెళ్తున్నారు. మా ఆయనకి ఫోన్ చేశాను.

"వెళ్లి ఓసారి కనిపించి వచ్చెయ్," అన్నారు.

"శవం ముందు గదిలోనే ఉంటుందట."

"ఉంటే?"

"నాకు భయం."

ఐదింటికి, రెండుసార్లు బట్టలు మార్చుకుని వెళ్లాను. వరస గేటు దాకా ఉంది. లోపల పిల్లలు శవపెట్టె పక్కనే బిస్కట్లు తింటూ తిరుగుతున్నారు. ఆయన సూటులో పడుకుని ఉన్నారు. ఇక్కడివాళ్లు చెప్పే పరామర్శ మాట వరసలో నిలబడినంతసేపూ మనసులో అనుకుంటూనే ఉన్నాను. తీరా ఆయన భార్య నా చెయ్యి పట్టుకునేసరికి "థాంక్యూ" అనేశాను.

ఆవిడ నవ్వింది. "ఆ అమ్మాయి మళ్లీ చెత్తడబ్బా మర్చిపోయిందని గొణుక్కుంటూ బూట్లేసుకునేవారు. ఆ పనంటే ఆయనకి ఇష్టం," అంది.

వంటింట్లో ఎవరో టీ చేతికిచ్చారు. మా పుట్టింట్లో చావింటి మంచినీళ్లు కూడా ముట్టనిచ్చేవారు కాదు. వద్దనబోతుంటే కొట్టావిడ పళ్లెం తెచ్చింది. "ఇవి గుడ్డు శాండ్‌విచ్‌లు. మాంసం లేదు. నీకోసమే విడిగా ఉంచాను." నేను మాంసం తిననని ఆవిడకి నేనెప్పుడూ చెప్పలేదు. రెండేళ్లుగా నా బుట్టలో ఏముందో చూస్తూనే ఉందన్నమాట. ఎందుకో ఇబ్బందిగా అనిపించింది. అయినా నిలబడే తిన్నాను, టీ తాగాను.

ఇంటికొచ్చి తలస్నానం చేశాను. "ఇప్పుడెందుకు స్నానం?" అని మా అమ్మాయి ఇంగ్లీషులో అడిగింది. "చలేసింది," అన్నాను. తడి జుట్టుతో కూర్చున్నానే గానీ, నా చెయ్యి పట్టుకున్న ఆవిడకి ఏదో అన్యాయం చేసినట్టు మనసు కుదుటపడలేదు.

మర్నాడు సెలవు పెట్టి చర్చికి వెళ్లాను. ఎక్కడ నిలబడాలో తెలియక గోడ దగ్గర ఆగిపోతే ఒక ముసలాయన పక్కకి జరిగి చోటిచ్చాడు. తర్వాత పెట్టె వెనక ఊరంతా నడిచింది. ముందువాళ్లు ఆగినప్పుడల్లా ఆగుతూ నేనూ శ్మశానం దాకా నడిచాను.