వినకుండా మెచ్చుకున్న నాలుగు పాటలు

నా చెవుల మీద నాకు ఒకప్పుడు చాలా గర్వం ఉండేది. పల్లవి సగం వినేసరికి పాట నిలబడుతుందో లేదో చెప్పేస్తానని గొప్పలు చెప్పుకు తిరిగేవాణ్ని. ఆ గర్వం ఎలా పోయిందో రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. రాసిన ప్రతిసారీ నన్ను నేను కాస్త మంచివాణ్నిగా దిద్దుకుంటున్నానని తెలిసి చింపేశాను. ఈసారి దిద్దకుండా రాస్తాను.

తొంభైల చివర, మాదాపూర్ బండల మధ్య గుండ్రటి అద్దాల భవనం కొత్తగా లేచిన రోజులవి. మా కంపెనీ అందులోనే ఉండేది. కిటికీలోంచి చూస్తే ఒకవైపు కొత్త తారు రోడ్డు, ఇంకోవైపు రాళ్ల మీద మేకలు కనిపించేవి. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయని లోకమంతా భయపడుతుంటే, పాత ప్రోగ్రాములు తెరిచి ఆ తేదీలు సరిచేయడం మా పని. చేతులకీ కళ్లకీ తప్ప చెవులకి పని లేని ఉద్యోగం. రోజంతా వాక్‌మన్ తగిలించుకునే ఉండేవాణ్ని. ఆఫీసులో అందరూ నన్ను పాటలాయన అనేవారు, నేనూ మురిసిపోయేవాణ్ని.

నా పిచ్చి అంతా చిన్న కేసెట్ల మీద. మూడు నాలుగు పాటలే ఉండేవి. పెద్ద కంపెనీలు వేసేవి కావు, ఎవరో సొంతంగా పాడి, ఊళ్లోని చిన్న స్టూడియోలో రికార్డు చేయించి, కోఠీలోనో అమీర్‌పేటలోనో కాపీలు కొట్టించుకున్నవి. లింగంపల్లి స్టేషన్ బయట గోనెపట్టా మీద దొరికేవి, సుల్తాన్‌బజారులో వెనక అరల్లో దుమ్ము పట్టి దొరికేవి. పది పాటల కేసెట్‌లో ఆరు పాటలు ఊరికే ఉంటాయి. నాలుగు పాటలకే స్తోమతు ఉన్నవాడు మాత్రం ప్రాణం పెట్టి పాడతాడని నా సిద్ధాంతం.

ప్రతి డిసెంబరులోనూ ఆ ఏడాది నాకు నచ్చిన చిన్న కేసెట్ల జాబితా రాసి, క్యాంటీన్ పక్కన నోటీసు బోర్డుకి గుచ్చేవాణ్ని. ఒక్కో కేసెట్ గురించి నాలుగేసి వాక్యాలు. టీ తాగుతూ జనం చదివేవారు. ఆ సంవత్సరం మొదటి స్థానం ఒక డప్పు బృందానికి వెళ్లింది. మూడే పాటలు, మూడో పాట మధ్యలో ఎవరో దగ్గడం కూడా వినిపిస్తుంది, అయినా అంత హుషారు నేను ఎక్కడా వినలేదు. మూడో స్థానంలో ఒక ముసలాయన పిల్లనగ్రోవి ఉంది. ఈ రెండింటి మధ్యా, రెండో స్థానంలో, మా ఆఫీసు టెలిఫోన్ ఆపరేటర్ పాడిన క్రిస్మస్ పాటల కేసెట్ పెట్టాను.

ఆవిడది బోరబండ. ముప్ఫై ఏళ్లుంటాయి. ముందు హాల్లో ఫోన్ల బోర్డు ముందు కూర్చుని ఎవరి కాల్ వాళ్లకి కలిపేది. డిసెంబరు మొదటి వారంలో తన నాలుగు పాటల కేసెట్ తెచ్చి ఆఫీసులో ఇరవై మందికి పంచింది. నా దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం కాసేపు నిలబడింది.

"సార్, అందరు ఊకె మంచిగుందంటరు. మీరట్ల అనకుండ్రి. జర విని చెప్పుండ్రి. బాణీలు నా సొంతం. మా చర్చిల పెద్దలు సొంత బాణీలెందుకు, ఉన్న పాటలు పాడుకోరాదా అంటున్నరు. ఈస్టర్‌కు పెద్ద కేసెట్ చేద్దామని నాకున్నది. సంగీతం తెలిసినోళ్లు మీరు. మీరు పనికొస్తదంటే వాళ్లతోని కొట్లాడత. లేదంటే ఇగ కోయిర్‌ల పదిమందితోని నిలబడి పాడుకుంట. మూడో పాటల చరణం కాడ గొంతు జారిందేమో అని నాకు ఫికరున్నది."

"తప్పకుండా వింటానండి" అన్నాను.

వినలేదు. తీరిక లేక వినలేదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. ఆ డప్పుల కేసెట్ ఆ వారంలోనే ఐదుసార్లు విన్నాను కనుక అది అబద్ధం. ఫోన్లు కలిపే ఆవిడ, చర్చి పాటలు, ఒక కీబోర్డు, ఇంకేముంటుందిలే అనుకున్నాను. అంతే. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ ఉన్నమాట అదే.

మరి జాబితాలో ఎందుకు పెట్టానంటే, పెట్టకపోతే రోజూ ఆవిడ ముఖం చూడాలి. మొదటి స్థానం ఇస్తే ఎవరైనా ప్రశ్నలు వేస్తారు. రెండోది క్షేమం. కేసెట్ అట్ట మీద ఉన్న నాలుగు ముక్కలు చూసి, ఆవిడ అడిగిన మాటనే తిరగేసి రాశాను. "మూడో పాట చరణంలో గొంతు పైకి వెళ్లి, ఎక్కడా జారకుండా మెత్తగా దిగే తీరు వినితీరాలి. సొంత బాణీలు కట్టే ధైర్యం ఈమెకు దండిగా ఉంది." బోర్డుకి గుచ్చి, దూరం జరిగి చూసుకుని, బాగానే రాశాననుకున్నాను కూడా.

ఆవిడ ఆ కాగితాన్ని జిరాక్స్ తీయించుకుంది. "సార్, నిన్న రాత్రి నాకు నిద్ర పట్టలే సంతోషంతోని" అంది. నేను ఏదో గొప్ప సాయం చేసినవాడిలా నవ్వాను.

తరువాతి సోమవారం పొద్దున్నే నా సీటు దగ్గరికి వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది.

"సార్, పరేషాన్ల పడ్డ. నిన్న చర్చిల పెద్దలకు మీ కాగితం చూపిచ్చిన. సరే, పెట్టు విందామన్నరు. పెడితే పాటే లేదు. ఉత్త చప్పుడు. ఇంకోటి తీసినం, అదీ గంతే. కాపీలు కొట్టినాయన ఏం చేసిండో, నా దగ్గరున్నవన్ని ఖాళీ కేసెట్లే. అసలు రీలేమో స్టూడియో ఆయన దగ్గరున్నది, ఆయన పండుగకు గుంటూరు పోయిండు. వచ్చే ఆదివారం లోపల వినిపిస్తెనే ఈస్టర్ సంగతి మాట్లాడుతరంట."

ఇరవై మందికి పంచినవీ ఖాళీవేనేమో, మరి బాగున్నాయని ఎలా అన్నారని ఆవిడ నన్ను నిలదీస్తుందనుకున్నాను. ఆవిడ ఆలోచన అటు పోనేలేదు.

"మీదొక్కటి మంచిగ పడ్డట్టున్నది సార్. మీరు చరణం దాక రాసిన్రు కద. పెద్దలతోని గదే చెప్పిన, మా సార్ కాడ పాటలున్నయ్ అని. ఒక్క వారం ఇస్తరా?"

కేసెట్ నా సొరుగులోనే ఉంది, ఆవిడ చేతికి జానెడు దూరంలో. "ఇంట్లో ఉందండి, రేపు తెస్తాను" అన్నాను.

సాయంత్రం గదికి వెళ్లగానే టేప్ రికార్డర్‌లో పెట్టాను. మొదటి వైపు చివరిదాకా విన్నాను. తిప్పి రెండో వైపు కూడా విన్నాను. ఎక్కడో ఒకచోట పాట మొదలవుతుందని ఆశ. ఆ కేసెట్‌ని అంత శ్రద్ధగా వినడం అదే మొదలు, దాంట్లో ఏమీ లేదు.

మర్నాడు నిజం చెప్పి ఉంటే ఆవిడకి ఇంకా ఐదు రోజులు మిగిలేవి. గుంటూరు మనిషికి ఫోన్ చేసేది, ఎవరినైనా పంపేది. రోజంతా ఫోన్ల ముందు కూర్చునే మనిషికి అదెంత పని. నేను ఆ లెక్కే వేయలేదు. నా పరువు లెక్క వేసుకున్నాను. మంచం మీద కూర్చుని, కేసెట్‌లోంచి టేపు రెండు బారలు బయటికి లాగి, పిడికిట్లో నలిపి, మళ్లీ పెన్సిలుతో తిప్పి లోపలికి చుట్టాను.

"నా టేప్ రికార్డర్ నమిలేసిందండి, చాలా బాధగా ఉంది" అని మర్నాడు ఆవిడ చేతిలో పెట్టాను. విసుక్కుంటుందనుకున్నాను. ఆవిడేమో నన్నే ఓదార్చింది.

"అయ్యో, మీరేం చేస్తరు సార్. మా దిక్కు రిపేర్ షాపున్నది, నలిగిన కాడ కోసి అతికిస్తడు. మిగిలిన పాటలన్న వస్తయ్."

ఆ వారమంతా నేను ముందు హాలు గుండా వెళ్లలేదు. వెనక మెట్ల మీదుగా తిరిగాను. రెండు వేల సంవత్సరం ముంచుకొస్తోందని చెప్పుకుంటూ సీట్లోనే అన్నం తిన్నాను.

సోమవారం ఆవిడే వచ్చింది. కేసెట్ నా బల్ల మీద పెట్టింది. గొంతు పెంచలేదు.

"శనివారం షాపాయన అతికిచ్చి పెట్టి చూపిచ్చిండు సార్. అతుకు కాడ గర్రుమన్నది, మిగిలిందంత ఉత్తదే. ఇంకోమాట అన్నడు. మిషన్ల ఇరికితె టేపు సన్నసన్న మడతలు పడతదంట. ఇది గట్ల లేదమ్మా, ఎవరో చేత్తోని గుంజి నలిపిన్రు అన్నడు. నేను నమ్మలే. ఆయనతోని కొట్లాడిన, మా సార్ అసొంటోడు కాదని. నిజమేనా సార్?"

పక్క సీట్లలో టైపు చేసే చప్పుడు ఆగిపోయింది. వాళ్లకీ ఆ కేసెట్లు అందాయి, వాళ్లూ చాలా బాగుందని చెప్పినవాళ్లే. కానీ వాళ్లెవరూ చరణం గురించి రాయలేదు, టేపు నలపలేదు.

"నిజమేనండి" అన్నాను. "వినలేదు. నన్ను క్షమించండి."

"ఆదివారం పెద్దలు నవ్విన్రు సార్" అంది. "డబ్బులిచ్చి రాయించుకున్నవా అని అడిగిన్రు." అంత మాత్రమే అని వెళ్లిపోయింది. నాకు చెంప మీద కొట్టినా బాగుండుననిపించింది.

కొత్త సంవత్సరం వచ్చింది, కంప్యూటర్లు బాగానే నడిచాయి. స్టూడియో మనిషి తిరిగొచ్చాక ఆవిడ మళ్లీ కాపీలు చేయించింది. ఒక పొద్దున నేను వచ్చేసరికి అందరి బల్లల మీదా కొత్త కేసెట్లు ఉన్నాయి. నా బల్ల మీద లేదు. రెండు రోజులు ఆగి, పక్క సీటాయన్ని బతిమాలి తీసుకున్నాను.

రెండో పాట దగ్గర వాక్‌మన్ ఆపేశాను. మళ్లీ మొదటి నుంచి పెట్టాను. పల్లవి వదిలిన చోట చరణం అందుకోకుండా, ఒక్క క్షణం ఊరుకుని, కింది స్వరంలో మొదలుపెడుతుంది. అలా ఎవరూ కట్టరు. డప్పుల వాళ్లను కిందికి దించి మొదటి స్థానం ఇవ్వాల్సిన పాట. మూడో పాట చరణంలో, నేను జారలేదని రాసిన చోట, గొంతు స్పష్టంగా జారింది.

మధ్యాహ్నం ముందు హాలుకి వెళ్లాను. ఈస్టర్ కేసెట్ ఆలోచన మానుకున్నానని, కోయిర్‌లోనే పాడతానని పెద్దలకు చెప్పేసిందని అప్పటికే నాకు తెలుసు. అయినా వెళ్లాను.

"విన్నానండి. ఈసారి నిజంగా విన్నాను. మూడో పాటలో మీరు అడిగిన చోట గొంతు జారింది. కానీ రెండో పాట బాణీ చాలా గొప్పగా ఉంది. మీరు మానేయకూడదు. దయచేసి మానేయకండి."

ఆవిడ చెవులకున్న ఫోన్ల పట్టీ తీసి బల్ల మీద పెట్టింది. కోపం లేదు.

"జారింది సార్, నాకెరుకే. రెండో పాట సంగతి మాత్రం నాకెరుక లేదు. మీ మాట నమ్మాల్నని నాకు మస్తున్నది. ఎట్ల నమ్మాలె, మీరే చెప్పుండ్రి."

ఎగతాళికి అడగలేదు. నిజంగానే జవాబు కోసం ఆగింది.